తాడు పట్టిన చేతిదే బాధ్యత

నడిరోడ్డు మీద రెండు కుక్కలు కలియబడి కరుచుకుంటుంటే, చుట్టూ మూగిన జనం అడిగే మొదటి ప్రశ్న "అది ఏ జాతి?" అని. రెండోది "ముందు ఏది మీదపడింది?" అని. ఈ రెండింటికీ జవాబు దొరికినా, మరుసటి ఆదివారం అదే ఫుట్‌పాత్ మీద అదే కొట్లాట జరగదన్న భరోసా ఏమీ ఉండదు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఈ కుక్కను ఈ వేళప్పుడు, ఇంత రద్దీలోకి, ఇంత పొడుగు తాడుతో తీసుకొచ్చిందెవరు? హైదరాబాద్‌లో ఖైరతాబాద్, అబిడ్స్, నాంపల్లి లాంటి చోట్ల పెంపుడు కుక్కల గొడవలకు బీజం, యజమాని ఇంటి గడప దాటకముందే పడుతుందని నా వాదన. కరిచేది కుక్కే. కానీ ఏ దారిన వెళ్లాలో, ఎప్పుడు వెళ్లాలో, ఎవరికి ఎంత దగ్గరగా నిలబడాలో నిర్ణయించే వీలు దానికి లేదు. ఆ వీలున్నవాడే జవాబుదారీ కావాలి.

ఈ పేటల్లో మనుషులకే నడవడానికి చోటు చాలదు. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగి సామాన్లు మోసుకొచ్చేవాళ్లు, మొజంజాహీ మార్కెట్ దగ్గర ఐస్‌క్రీం కోసం నిలబడ్డ కుటుంబాలు, చింతల్‌బస్తీ ఇరుకు గల్లీల్లో హారన్ కొట్టుకుంటూ దూరే బైకులు, వీటన్నిటి మధ్య కుక్కకు దక్కేది మహా అయితే రెండడుగుల జాగా. ఆదివారం అబిడ్స్‌లో మూసిన దుకాణాల ముందు పాత పుస్తకాలు పరుస్తారు. వంగి అట్టలు తిరగేసేవాళ్లు సగం ఫుట్‌పాత్ ఆక్రమిస్తారు, మిగిలిన సగంలో ఎదురెదురుగా జనం. ఆ సందులోకి మీట నొక్కితే సాగే తాడు కట్టిన లాబ్రడార్ ఒకటి వచ్చిందనుకోండి. ఆ తాడు ఐదు మీటర్ల దాకా సాగుతుంది. యజమాని ఒక పుస్తకాల గుట్ట దగ్గర ఆగి ధర అడుగుతున్నాడు, కుక్క మూడు గుట్టల అవతల ఉంది. అక్కడ తోపుడు బండి కింద నీడన పడుకున్న వీధి కుక్క తల ఎత్తింది.

ఆ తర్వాతి పది సెకన్లు ఎలా గడుస్తాయో నెమ్మదిగా చూస్తే అసలు సంగతి అర్థమవుతుంది. కట్టు లేని రెండు కుక్కలు కలిసేటప్పుడు నేరుగా ముఖాముఖి రావు. కాస్త చుట్టు తిరిగి, పక్కనుంచి వచ్చి, వెనక వాసన చూసి, ఇష్టం లేకపోతే తప్పుకుంటాయి. ఇరుకు ఫుట్‌పాత్ మీద చుట్టు తిరగడానికి చోటుండదు కాబట్టి ఎదురెదురుగానే రావాలి. లాబ్రడార్ పెదవులు నాకుతుంది, నిద్ర రాకపోయినా ఆవులిస్తుంది, ముఖం పక్కకు తిప్పుకుంటుంది. తనకు ఇబ్బందిగా ఉందని అది చెప్పే తీరు అదే. యజమాని చూపు పుస్తకం మీద ఉంది. వీధి కుక్క లేచి నిలబడింది, ఒళ్లు బిగిసింది, నోరు మూసుకుంది, తోక నిటారుగా లేచి కొద్దికొద్దిగా కదులుతోంది. చూసేవాళ్లు "తోక ఊపుతోంది, ఏమీ చేయదు" అనుకుంటారు. పైకెత్తి బిగబట్టిన తోక కదలడం స్నేహానికి గుర్తు కాదు, ఉద్రేకానికి గుర్తు. అప్పుడు యజమాని గమనించి, కంగారుపడి తాడు గట్టిగా లాగుతాడు. ఆ లాగుడుకు కుక్క ముందుకాళ్లు తేలి, ఛాతీ ముందుకొచ్చి, సరిగ్గా మీదపడబోయే కుక్కలా కనిపిస్తుంది. పారిపోయే దారిని తాడు మూసేసింది, నిలబడ్డ తీరు కయ్యానికి కాలు దువ్వినట్టుంది. ఇక మిగిలింది పళ్లే. ఈ మొత్తంలో ఏ కుక్కదీ పెద్ద తప్పు లేదు. గురగురలాడిన కుక్కను "ఛీ, నోర్ముయ్" అని ప్రతిసారీ అదిలించే ఇళ్లలో పరిస్థితి ఇంకా చెడుతుంది. గురగుర అనేది హెచ్చరిక. అది చేసినప్పుడల్లా దెబ్బ పడితే, హెచ్చరించకుండా కరవడం కుక్క నేర్చుకుంటుంది. మొరిగే కుక్క కరవదన్న సామెతను నమ్ముకుని రద్దీలోకి వెళ్లడమూ క్షేమం కాదు. భయంతో మొరిగే కుక్క, దారి మూసుకుపోతే కరవొచ్చు.

జాతి సంగతికి వద్దాం, ఎక్కువమంది వాదన అక్కడే ఆగిపోతుంది కాబట్టి. ఖైరతాబాద్ నియోజకవర్గంలోనే ఉన్న బంజారాహిల్స్‌లో 2023 జనవరిలో ఒక అపార్ట్‌మెంట్‌కు భోజనం అందించడానికి వెళ్లిన యువకుడు, వెంటపడ్డ జర్మన్ షెపర్డ్ నుంచి తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడి, ఆస్పత్రిలో కన్నుమూశాడు. అదే ఏడాది మే నెలలో మణికొండలో మరో డెలివరీ కార్మికుడు డాబర్‌మన్‌కు భయపడి దూకేశాడు. 2024 మే నెలలో రహమత్‌నగర్‌లో ఒక పెంపుడు హస్కీ మీద రేగిన తగాదా ముదిరి, కొందరు ఆ యజమాని కుటుంబాన్నీ కుక్కనూ కర్రలతో కొట్టేదాకా వెళ్లింది, ఆ దృశ్యాలు నగరమంతా చూసింది. ఇప్పుడు 2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలకు పంపిన సర్క్యులర్ తీసి చూడండి. మనుషులకు ప్రమాదకరమంటూ 23 రకాల కుక్కల దిగుమతి, పెంపకం, అమ్మకం నిషేధించాలని అందులో ఉంది. పిట్‌బుల్, రాట్‌వైలర్ ఉన్నాయి. జర్మన్ షెపర్డ్ లేదు, డాబర్‌మన్ లేదు, హస్కీ లేదు. అంటే ఆ జాబితా ముందే అమల్లో ఉన్నా మన నగరంలో ఈ మూడింటిలో ఒక్కటీ ఆగేది కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ సర్క్యులర్‌ను కొట్టేసింది కూడా.

జాతికి అసలు సంబంధమే లేదని నేననడం లేదు. అలా అనేవాళ్లు కుక్కల మీద ప్రేమతో నిజాన్ని కాస్త వంచుతున్నారు. పామరేనియన్ కరిస్తే కట్టు కడతారు, రాట్‌వైలర్ పట్టు పడితే ఆపరేషన్ థియేటర్‌కు తీసుకెళ్లాలి. 2024 మేలో చెన్నై థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వైలర్లు ఐదేళ్ల పాపను తీవ్రంగా గాయపరిచాయి. పోలీసులు యజమానిని నిర్లక్ష్యం కింద అరెస్టు చేశారు. ఆ కుక్కలకు తాడు లేదు, మూతికి చిక్కం లేదు. దవడ బలం పెరిగేకొద్దీ యజమాని మీద భారం పెరగాలన్నదే దీని నుంచి నేను తీసే అర్థం. ఎద్దు మూతికి చిక్కం కట్టడం మన పల్లెల్లో ఎవరికీ హింసగా తోచలేదు. నోరు తెరిచి వగర్చడానికీ, నీళ్లు తాగడానికీ వీలుండే తీగ బుట్ట లాంటి చిక్కం పెద్ద కుక్కకు చిన్నప్పటి నుంచే అలవాటు చేస్తే, రద్దీలో దానికీ జనానికీ కూడా ఊరట. బ్రిటన్ అనుభవం కూడా ఇక్కడ పనికొస్తుంది. అక్కడ 1991లో ప్రమాదకర కుక్కల చట్టం తెచ్చి నాలుగు రకాలను నిషేధించారు. ముప్పై ఏళ్లు దాటాక ఎక్స్‌ఎల్ బుల్లీ అనే కొత్త రకాన్ని 2023 చివర్లో అదే జాబితాలో చేర్చాల్సి వచ్చింది. జాబితా రాసేవాళ్లకన్నా కుక్కల్ని పుట్టించి అమ్మేవాళ్లు ఎప్పుడూ ఒక అడుగు ముందుంటారు. ఆ చట్టంలో నాకు నచ్చిన భాగం మూడో సెక్షన్. ఏ జాతైనా సరే, కుక్క అదుపు తప్పి, గాయపరుస్తుందేమోనని ఎదుటివాడు భయపడటానికి తగిన కారణం ఉంటే చాలు, యజమాని నేరం చేసినట్టే. పళ్లు దిగేదాకా ఆగనక్కర్లేదు.

"మావాడు ఎవర్నీ ఏమీ అనడండీ" అనేది యజమానుల నోట తరచూ వినిపించే మాట. అది అబద్ధం కాకపోవచ్చు, ఇంటి వరకు. ఇంట్లో తెలిసిన మనుషుల మధ్య కుక్క ఎలా ఉంటుందో చూసి, దసరా ముందు అబిడ్స్‌లో ఎలా ఉంటుందో చెప్పలేం. మనిషి చెవి దాదాపు 20,000 హెర్ట్జ్ దాకా వింటే, కుక్క చెవి 45,000 దాకా వింటుంది. మనం వినలేని కీచుశబ్దాలు కూడా దాని చెవిన పడతాయి. 1954 నుంచి ఏటా కొలువుదీరే ఖైరతాబాద్ గణపతి దర్శనానికి లక్షల జనం, తీన్మార్ దరువు, బాణసంచా. అక్కడికి కుక్కను తెచ్చి ఫొటో దిగాలనుకోవడం భక్తి కాదు, మురిపెం కూడా కాదు. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్ ప్రదర్శన నడిచే రోజుల్లో చుట్టుపక్కల రోడ్లదీ అదే పరిస్థితి. పైగా కుక్క ఏమీ అనకపోయినా ఎదుటివాడికి ఏమీ కాదని కాదు. చిన్నప్పుడు కుక్క కరిచిన మనిషికి, కర్ర ఊతంతో నడిచే ముసలమ్మకు, ఎదురొచ్చే కుక్క ముక్కు ఎత్తులోనే ముఖం ఉండే మూడేళ్ల పిల్లకు అది దగ్గరికి రావడమే ఒక దెబ్బ. నాంపల్లి యూసుఫైన్ దర్గాకో మసీదుకో వెళ్లే మనిషికి కుక్క చొంగ తగిలితే మళ్లీ శుద్ధి చేసుకోవాల్సి వస్తుంది. గుడికి బయల్దేరినవారిలోనూ అలాంటి పట్టింపు ఉన్నవారున్నారు. వాళ్లు మన కుక్కను ప్రేమించాల్సిన పనేమీ లేదు. దారి వాళ్లది కూడా.

ఇక అసలైన అభ్యంతరం. "మా కుక్కకు తాడుంది, టీకా ఉంది. మీదపడేది వీధి కుక్కలు. వాటినొదిలి మమ్మల్నంటారేం?" ఈ మాటలో న్యాయముంది. 2023 ఫిబ్రవరి 19న అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుణ్ని వీధి కుక్కలు చంపేసిన ఘటనను రాష్ట్ర హైకోర్టే తనంతట తాను విచారణకు తీసుకుంది. వీధి కుక్కల విషయంలో బల్దియా (నగరపాలక సంస్థ) బాధ్యతను ఎవరూ తక్కువ చేయలేరు. 2001 నాటి జంతు జనన నియంత్రణ నియమాలైనా, వాటి స్థానంలో 2023 మార్చిలో వచ్చినవైనా చెప్పేది ఒకటే. పట్టుకుని, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. దీనికి సుప్రీంకోర్టు 2025 నవంబర్ 7న కొన్ని మినహాయింపులు పెట్టింది. విద్యాసంస్థలు, ఆస్పత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి తీసినవాటిని తిరిగి అక్కడే వదలొద్దని ఆదేశించింది. నాంపల్లి స్టేషన్, రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆస్పత్రి లాంటివి నేరుగా దీని కిందికే వస్తాయి. అయితే ఆ ఆవరణ గోడ బయట, చికెన్ దుకాణం ముందు, హోటల్ వెనక సందులో ఉండే కుక్కలు అక్కడే ఉంటాయి. తిండి దొరికే చోటును అవి కాపలా కాస్తాయి. ఆ చోటులోకి రోజూ సాయంత్రం ఒక కొత్త వాసన తాడు కట్టుకుని నడిచొస్తుంటే ఊరుకోవు. ఏ సందులో ఏ గుంపు ఉందో ఆ పేట యజమానులందరికీ తెలుసు. తెలిసీ అదే సందులోంచి తీసుకెళ్లడం, గుంపు లేచాక కర్ర ఝళిపించడం, ఇది రోజువారీ తంతు. మరో వీధి పట్టుకోవడం, దూరం నుంచే రోడ్డు దాటి చుట్టు తిరిగి వెళ్లడం, కుక్క తినుబండారాలు జేబులో ఘుమఘుమలాడకుండా చూసుకోవడం, ఇవేవీ ఖర్చయ్యే పనులు కావు.

పైగా వీధి కుక్క పూర్తిగా వీధిలోనే పుట్టిందనుకోవడం కూడా పొరపాటే. ఆడకుక్క ఏడాదికి దాదాపు రెండుసార్లు ఎదకొస్తుంది, 63 రోజులు మోస్తుంది, ఒక్కో ఈతలో నాలుగైదు నుంచి ఎనిమిది పిల్లల దాకా పెట్టగలదు. ఆపరేషన్ చేయించని పెంపుడు మగకుక్కను రాత్రిపూట "కాసేపు తిరిగొస్తుందిలే" అని గేటు తీసి వదిలే ఇళ్లు, ముచ్చటపడి కొని, పెరిగాక భరించలేక దూరంగా తీసుకెళ్లి విడిచిపెట్టే ఇళ్లు, వీధి కుక్కల లెక్కలో తమ వంతు కలుపుతూనే ఉన్నాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద తేలిన వీధి కుక్కలు సుమారు 1.53 కోట్లు. ఎదకొచ్చిన ఆడకుక్క చుట్టూ చేరే మగకుక్కల కాట్లాటలే రోడ్డు మీద కనిపించే గొడవల్లో కొన్ని. ఆ రోజుల్లో పెంపుడు ఆడకుక్కను బజారుకు తేవడమంటే కయ్యాన్ని వెంటబెట్టుకుని నడవడమే. తిండి పెట్టేవాళ్లకూ ఒక మాట. దయ మంచిదే, కానీ బస్టాప్ పక్కన, బడి గేటు ముందు అన్నం కుమ్మరిస్తే ఆ చోటు కోసం కుక్కలు కొట్టుకుంటాయి. వార్డుకో నిర్దిష్ట స్థలం చూపించాలని, రోడ్ల మీద పెట్టకూడదని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పింది. ఆ స్థలాలు చూపించే పని బల్దియాది.

మరి కుక్కను ఇంట్లోనే కట్టేయమంటారా అని అడగొచ్చు. చట్టమే వద్దంటుంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా క్రూరత్వమే. తిరగని కుక్కకు కసి పెరుగుతుంది, ఆ కసి బయట కనిపించిన మొదటి కుక్క మీద తీరుతుంది. కాబట్టి తిప్పాలి, ఎక్కడ తిప్పాలన్నదే సమస్య. కొండాపూర్‌లో బల్దియా 2018లో 1.3 ఎకరాల్లో కుక్కల పార్కు తెరిచింది. చింతల్‌బస్తీలో రెండు గదుల ఇంట్లో కుక్కను పెంచుకునేవాడికి అది ఉన్నా లేనట్టే. ఈ పాత పేటల మధ్య కంచె వేసిన అర ఎకరం జాగా, ఉదయం రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కేటాయించమని అడగడం అత్యాశ కాదు. అది వచ్చేదాకా తెల్లవారుజామున ఐదింటికి నెక్లెస్ రోడ్డు ఉంది, ఎగ్జిబిషన్ లేని నెలల్లో జనం పలచగా ఉండే వీధులున్నాయి. మీటరున్నర పొడుగు, గట్టి నవారు తాడు చాలు. సాగే తాళ్లు మైదానానికి పనికొస్తాయి, బజారుకు కాదు. చేతిలో ఫోన్ వద్దు. పదేళ్ల పిల్లాడి చేతికి ముప్పై కిలోల కుక్క తాడు అసలే వద్దు. కుక్కపిల్ల మూడో వారం నుంచి పన్నెండో వారం వరకు చూసిన మనుషుల్ని, విన్న చప్పుళ్లను జీవితాంతం మామూలుగా తీసుకుంటుంది. ఆ వయసులో మెల్లమెల్లగా, పశువైద్యుడు చెప్పిన టీకాల జాగ్రత్తలతో, చంకలో పెట్టుకునైనా బయటి లోకం చూపించిన ఇంటివారికి తర్వాత తిప్పలు తక్కువ. ఏడాది నిండాక మొదటిసారి బజారు చూపిస్తే అది బెదిరిపోవడంలో వింతేముంది?

చట్టాలు లేక కాదు, ఉన్నవి సందర్భానికి చాలడం లేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ప్రకారం, తన జంతువు వల్ల మనిషి ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పున్నా తగిన జాగ్రత్త తీసుకోని యజమానికి 6 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పాత శిక్షాస్మృతిలో ఆ జరిమానా 1,000 రూపాయలే. అయితే ఈ సెక్షన్ చూసేది మనిషికి జరిగే పెద్ద హానిని. ఒకరి కుక్క మరొకరి కుక్కను చీల్చినా, ఆ తోపులాటలో ఎవరో కిందపడి మోకాలు చెక్కుకుపోయినా అది అందులో సరిగ్గా ఇమడదు. సరదా కోసం జంతువుల్ని కొట్లాటకు ఉసిగొల్పితే 1960 చట్టంలో మొదటిసారికి పడేది 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్లు దాటినా ఆ యాభై యాభైగానే ఉంది. కుక్కకు లైసెన్సు కావాలంటే బల్దియా రేబిస్ టీకా పత్రం అడుగుతుంది. దాంతోపాటు మెడ పట్టీకి నంబరు బిళ్ల తప్పనిసరి చేసి, రద్దీ చోట తాడు లేకుండా తిప్పితే అక్కడికక్కడే జరిమానా వేస్తే, జాతి చర్చ అవసరం లేకుండానే సగం సమస్య తీరుతుంది. మొత్తం కుక్కల్నే నిషేధించాలనే అపార్ట్‌మెంట్ సంఘాలకు ఒక మాట గుర్తుచేయాలి. అలా తీర్మానించే అధికారం సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే స్పష్టం చేసింది. ప్రవర్తనకు నియమం పెట్టొచ్చు, ఉనికికి కాదు.

ఇన్ని జాగ్రత్తల తర్వాతా కొట్లాట జరగొచ్చు. రెండు నోళ్ల మధ్య చేయి పెట్టకండి. విడదీయబోయినవాళ్ల చేతికే కాటు పడొచ్చు, అదీ సొంత కుక్క నుంచే. మెడ పట్టీ పట్టి లాగితే పట్టు ఇంకా బిగుస్తుంది. బకెట్ నీళ్లు, పెద్ద చప్పుడు, మధ్యలో ఒక అట్టో కుర్చీయో పనిచేస్తాయి. ఇద్దరు మనుషులుంటే చెరో కుక్క వెనక కాళ్లు ఎత్తి వెనక్కి లాగొచ్చు. ఎవరికైనా పన్ను దిగితే గాయాన్ని కారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపూ, సున్నం, కారం పెట్టొద్దు. అదే రోజు టీకా మొదలుపెట్టాలి. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లోనూ, నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలోనూ వేస్తారు. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. మీ కుక్క కరిచిందా, అక్కణ్నుంచి జారుకోకండి. మీ పేరు, ఫోన్ నంబరు, కుక్క టీకా పత్రం ఫొటో ఇవ్వండి. ఆస్పత్రి ఖర్చు మీరే పెట్టుకోండి. కుక్కను 10 రోజులు కళ్లెదుట కట్టి ఉంచి, అది ఎలా ఉందో కరిపించుకున్నవారికి మీ అంతట మీరే ఫోన్ చేసి చెప్పండి.